కూతవేటు నుండి కంపార్టుమెంటు వరకు: వార్తలలోని వింత కొలతలు

కొలత లేనిదే వార్త లేదు. వాన కురిసినచో ఎంత కురిసెను, ఉత్సవము జరిగినచో ఎందరు వచ్చిరి, దొంగలు పడినచో ఎంత సొత్తు పోయెను అని పాఠకుడు తెలిసికొనగోరును. 1914వ సంవత్సరములో ఆంధ్రపత్రిక చెన్నపట్టణమున దినపత్రికగా వెలువడెను. ఆ సంవత్సరమే బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల తొలి మహాసభ జరిగెను. నాటి నుండి పల్లెటూళ్ళ పఠనమందిరములలో ఒకరు పత్రికను బిగ్గరగా చదువుట, పదిమంది చుట్టు కూర్చుండి వినుట ఆచారమైనది. అట్లు వినువారి నోట తరచుగా వచ్చు ప్రశ్న ఒక్కటే: "అంటే ఎంత?"

ఈ ప్రశ్న చిన్నదే గాని కొలతల చరిత్రయంతయు దీనిలో ఇమిడియున్నది. కొలతకు రెండు ధర్మములు కలవు. లెక్క తప్పకుండుట ఒకటి. వినువాని మనస్సునకు ఎక్కుట రెండవది. ప్రభుత్వపు కొలతలు మొదటి ధర్మమును చక్కగా నెరవేర్చును. రెండవ దానికొరకు విలేఖరులు తాటిచెట్టును, తిరుమల కంపార్టుమెంటును, గుప్పెడు ఇసుకను గూడ కొలమానములుగా చేసికొనిరి. వీనిలో కొన్ని నవ్వు పుట్టించును. కాని ఏది నవ్వుకొని వదలవలసినది, ఏది జాగ్రత్తగా చూడవలసినది అను వివేకము పాఠకునకు అవసరము.

మొదట కొలత మనుష్యుని ఒంటి నుండియే పుట్టెను. మోచేయి మొదలు వ్రేలికొన వరకు మూర. చాచిన చేతుల నడుమ బార. మనిషి ఎత్తు నిలువు. తిరుపతి వీధులలో మల్లెపూలు నేటికిని మూరలతోనే అమ్ముడుపోవుచున్నవి. ఆ మూర ఎవరి చేతి మూర అను వివాదమును కొనువారు ప్రతిదినము లేవనెత్తుచునే యున్నారు. పూలమ్ము స్త్రీ చేయి పొట్టిదని నొచ్చుకొనువారే గాని పొడవైనదని మెచ్చుకొన్నవారు అరుదు.

ఒంటి తరువాత గింజలు కొలమానములైనవి. తిరుమల ఆలయమునకు వెండి విగ్రహమును సమర్పించిన పల్లవ రాణి సామవాయి శాసనములో బంగారము కళంజులలో లెక్కింపబడినది. కళంజు అనగా తమిళమున గచ్చకాయ గింజ. మన గురివింద గింజయు కంసాలి త్రాసులో అట్లే చిరకాలము తూకపురాయిగా నిలిచెను. ఆలయములో బియ్యము కొలుచుటకు మలైకినియనిన్రాన్ అను స్వామి పేరుగల కొలపాత్రను వాడినట్లు తిరుమల శాసనములు తెలుపుచున్నవి. కొలపాత్రకు దేవుని పేరు పెట్టుటలో భక్తితోపాటు లోకానుభవము కూడ కనబడును. దేవుని పేరుగల పాత్రకు చొట్ట పెట్టి తక్కువ కొలుచుటకు ఎవరికైనను చేయి వణకక మానదు.

చిత్తూరు జిల్లా 1911 ఏప్రిల్ 1వ తేదీన ఏర్పడెను. ఉత్తరార్కాటు నుండి కొంత, కడప నుండి కొంత చేరిన ఈ జిల్లాలో తెలుగు, తమిళ, కన్నడ దేశముల అలవాట్లు కలిసియుండెను. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతము మద్రాసు రాష్ట్రమునకు పోయి, సత్యవేడు ప్రాంతము ఇటు వచ్చెను. ఇట్టి సరిహద్దు సీమలో శేరు, పడి, కుంచము, తూము, పుట్టి, వీశ, మణుగు అన్నియు ఒకే సంతలో ఎదురుపడెడివి. ఒక ఊరి పడి మరొక ఊరి పడితో సరిపోలెడిది కాదు. ఒక వర్తకుడు ధాన్యమును గోపురముగా పోసి కొలిచి తీసికొనును; అమ్మునప్పుడు అంచుకు సరిగా గీసి కొలిచి ఇచ్చును. పాత్ర ఒక్కటే, కొలత రెండు. ఈ రెంటి నడుమ నలిగిపోయినవాడు రైతు.

పత్రిక చదువువారికిని ఈ చిక్కు తప్పలేదు. మద్రాసు మణుగు సుమారు 25 పౌనులు. రైల్వేలలోను ఉత్తరదేశములోను వాడుకలోనుండిన మణుగు 82 పౌనులకు పైబడినది. ఉత్తరదేశమునుండి వంద మణుగుల ధాన్యము వచ్చెనని వార్త వచ్చినప్పుడు, ఇచ్చటి పాఠకుడు తన మణుగుతో లెక్కించినచో వచ్చిన ధాన్యములో మూడవవంతు కూడ అతని మనస్సునకు చేరదు. మాట ఒక్కటే యగుటచేత పొరపాటు జరిగినట్లే తెలియదు.

ఈ అవ్యవస్థను తొలగించుటకు భారత పార్లమెంటు 1956లో తూనికలు కొలతల ప్రమాణ శాసనమును చేసెను. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు వచ్చెను. 1958 అక్టోబరు నుండి కిలోగ్రాము, మీటరు, లీటరు క్రమక్రమముగా అంగళ్ళలో ప్రవేశించెను. ఇది చిన్న సంస్కరణము కాదు. ఢిల్లీలోని కిలోయు పుంగనూరు సంతలోని కిలోయు ఒక్కటే యగుటచేత, చదువులేని రైతునకు గూడ న్యాయము అడుగుటకు ఒక ఆధారము దొరికెను.

అంగడి నుండి తొలగిన పాత కొలతలు నశించిపోలేదు. అవి వార్తలలోనికి వలస వచ్చెను. "పోలీసు స్టేషనుకు కూతవేటు దూరములో చోరీ" అను శీర్షిక తెలుగు పత్రికలకు నిత్యపరిచితము. కూతవేటు అనగా ఎన్ని గజములు? పిలుచువాని గొంతును బట్టి, వినువాని చెవిని బట్టి, ఆనాటి గాలిని బట్టి మారును. పోలీసులు నిద్రలో నుండినచో కూతవేటు ఇంకను తగ్గును! విలేఖరి చెప్పదలచినది దూరము కాదు, ఎత్తిపొడుపు. "ఇంత దగ్గర జరిగినను తెలియలేదా?" అను మందలింపు ఆ ఒక్క మాటలోనే యున్నది. "200 మీటర్ల దూరములో" అని వ్రాసినచో ఆ చురక పోవును.

కూతవేటును చూచి నవ్వుకొనువారు కోసు అను మాట పుట్టుకను తెలిసికొనవలెను. కోసునకు మూలము సంస్కృతమున క్రోశము. క్రోశమనగా కేక, కేక వినబడునంత దూరము. అనగా రాజులు బాటలు కొలిపించిన కోసు గూడ ఒకప్పటి కూతవేటే. ఆంగ్లేయుల మైలు రోమనుల వేయి అడుగుల జంటల నుండి పుట్టినది. ఎకరమునకు మూలము ఒక కాడి ఎద్దులు దినమున దున్నగల నేల. మన రైతులు పుట్టెడు విత్తనము పట్టు నేలను పుట్టెడు నేల యనిరి. నేటి వింత కొలత నిన్నటి సర్కారు కొలతయై యుండవచ్చును.

జనసమూహమును కొలుచుటలో మన పత్రికలకు మరొక సొంత కొలత కలదు: "ఇసుక వేసిన రాలనంత జనము." తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ జాతరయైనను, తిరుమల బ్రహ్మోత్సవములలో గరుడసేవయైనను ఈ మాట లేనిదే వార్త పూర్తి కాదు. ఇసుక రాలినదా లేదా అని పరీక్షించిన విలేఖరి మాత్రము ఎవడును లేడు. రాజకీయ సభల వార్తలలో ఈ ఇసుక ఇంకను విచిత్రముగా ప్రవర్తించును. ఒక పత్రికకు లక్షమంది కనబడిన మైదానములో మరొక పత్రికకు ఖాళీ కుర్చీలే కనబడును.

ఈ విషయములో పాఠకునకు ఉపయోగపడు ఉపాయము నొకదానిని అమెరికా దేశపు పాత్రికేయుడు హెర్బర్టు జేకబ్సు 1960ల నాట చూపెను. బర్క్‌లీ విశ్వవిద్యాలయములో విద్యార్థులు గుమికూడు చోటు గళ్ళు గళ్ళుగా ఉండుట చూచి, ఒక్కొక్క గడిలోని మనుష్యులను ఆయన లెక్కించెను. పలుచని గుంపులో మనిషికి 10 చదరపు అడుగులు, దట్టమైన గుంపులో 4.5 చదరపు అడుగులు, మిక్కిలి క్రిక్కిరిసిన గుంపులో 2.5 చదరపు అడుగులు పట్టునని తేలెను. ఎకరమునకు 43,560 చదరపు అడుగులు. కావున ఎకరము మైదానములో పలుచగా 4,356 మంది, దట్టముగా 9,680 మంది, ఊపిరాడకుండ నిలిచినను 17,424 మంది పట్టుదురు. ఎకరము చోటులో లక్షమంది కూడిరని ఏ పత్రికయైనను వ్రాసినచో, వారు ఒకరి భుజములమీద ఒకరు నిలిచియుండవలెను.

అయితే జనసమ్మర్దము ఎల్లప్పుడును నవ్వులాట కాదు. చదరపు మీటరునకు 5 మందికి మించి చేరి కదలుచున్నచో తొక్కిసలాట ప్రమాదము దాపురించునని ఈ విషయమును పరిశోధించినవారు హెచ్చరించుచున్నారు. 2025 జనవరి 8వ తేదీ రాత్రి వైకుంఠద్వార దర్శనపు టోకెనులకొరకు తిరుపతిలో గుమికూడిన భక్తులలో తొక్కిసలాట జరిగి ఆరుగురు ప్రాణములు కోల్పోయిరి. ఇసుక రాలనంత జనమను మాట ఉత్సవవార్తలో అలంకారము. ఇరుకుదారిలో అది అపాయ సూచన.

తిరుమల వార్తలలోని కంపార్టుమెంటు అను కొలత ఇట్టి అలంకారము కాదు. ఉచిత దర్శనమునకు వచ్చినవారు వైకుంఠము క్యూ కాంప్లెక్సులోని గదులలో కూర్చుండి వరుసకొరకు వేచియుందురు. ఆ గదులకు కంపార్టుమెంట్లని పేరు. "నేడు ఇన్ని కంపార్టుమెంట్లు నిండినవి, టోకెనులు లేని భక్తులకు దర్శనమునకు ఇన్ని గంటలు పట్టును" అని పత్రికలు ప్రతిదినము ప్రకటించును. లోకములో జనమును తలలతో లెక్కింతురు, చోటును గజములతో కొలుతురు, కాలమును గడియారముతో చూతురు. ఈ ఒక్క కంపార్టుమెంటు మూడింటిని ఏకముగా తెలుపుచున్నది. ఐదు నిండినవనిన విని భక్తుడు సంచి సర్దుకొనును. ఇరువది నిండినవనిన విని చంటిబిడ్డకు పాలు, వృద్ధులకు మందులు చూచుకొనును. 31 నిండినవనిన విని ప్రయాణము మానుకొనవలెనా అని ఆలోచించును.

31తో లెక్క ముగిసిన తరువాత వార్త మరొక కొలతకు మారును. క్యూ నారాయణగిరి షెడ్లు దాటెననియు, శిలాతోరణము వరకు సాగెననియు, బాటగంగమ్మ గుడిదాక వచ్చెననియు వ్రాయుదురు. కొండ నెరుగనివానికి ఇవి ఉత్త పేర్లు. ఎరిగినవానికి మాత్రము కాళ్ళు నొచ్చునంత స్పష్టమైన కొలతలు. అలిపిరి దారిని నడచిపోవువారికి కూడ కిలోమీటర్లు గుర్తుండవు. 3,550 మెట్లు గుర్తుండును; గాలిగోపురము గుర్తుండును; మోకాళ్ళ మిట్ట మరచిపోవుట అసలే సాధ్యము కాదు.

జనము తరువాత నీరు. ఈ సీమలో నీటి కొలత ప్రాణముతో సమానము. పత్రికలలో జలాశయపు నీటిని టి.ఎం.సి.లలో, ప్రవాహమును క్యూసెక్కులలో చెప్పుదురు. టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగులు. ఇట్లు చెప్పిన మాత్రమున ఎవరి కండ్లకును నీరు కనబడదు. అది సుమారు 23,000 ఎకరములపై అడుగులోతు నిలుచు నీరు అని చెప్పినచో రైతునకు బోధపడును. లీటర్లలో సుమారు 2,830 కోట్లు. 15 లీటర్లు పట్టు బిందెలతో ముంచినచో 188 కోట్ల బిందెలకు పైగా వచ్చును. క్యూసెక్కు అనగా క్షణమునకు ఒక ఘనపుటడుగు, సుమారు 28 లీటర్లు. అనగా క్షణమునకు రెండు బిందెలకు కొంచెము తక్కువ. 11,574 క్యూసెక్కులు ఒక పగలు ఒక రాత్రి పారినచో ఒక టి.ఎం.సి. యగును. 1983నాటి ఒప్పందముతో సాగిన తెలుగుగంగ పథకములో చెన్నపట్టణమునకు 15 టి.ఎం.సి.లు కేటాయించిరి. ఆ కాలువ సత్యవేడు సీమ మీదుగానే పోవుచున్నది. కాలువగట్టున నున్న రైతు ఆ అంకెను తన ఎకరములలోనికి మార్చుకొని చూచినప్పుడే తన నేలకు దక్కవలసిన వంతును గూర్చి అడుగగలడు.

అదే రైతు తన బోరుబావిని గూర్చి చెప్పునప్పుడు పత్రికల భాషను పూర్తిగా విడిచిపెట్టును. "ఎనిమిదివందల అడుగులు వేసితిమి, ఒకటిన్నర అంగుళము నీరు పడినది" అనును. అంగుళము పొడవును కొలుచునది గదా, పారు నీటిని ఎట్లు కొలుచును? పైకి వచ్చు నీరు గొట్టమునందో, గాడిపలకయందో ఎంత మందమున పారుచున్నదో ఆ మందమే ఇచ్చటి అంగుళము. విన్న రైతు ఎన్ని మళ్ళు పారునో వెంటనే చెప్పగలడు. ఆ నీటిని తోడు మోటారును కొలుచునది గుర్రము! ఆవిరియంత్రములను అమ్ముటకై జేమ్సు వాట్టు వానిని తిరుగళ్ళు త్రిప్పు గుర్రములతో పోల్చి, ఒక గుర్రము నిమిషమునకు 33,000 పౌను అడుగుల పని చేయునని లెక్క కట్టెను. గుర్రమునెన్నడు కట్టని చేనిలో నేడు ఐదు గుర్రముల మోటారు తిరుగుచున్నది.

వాన విషయమును ఇట్టిదే. పత్రిక మిల్లీమీటర్లు వ్రాయును. రైతు పదును అయినదా అని అడుగును. పది మిల్లీమీటర్ల వాన ఎకరమునకు సుమారు 40,000 లీటర్ల నీరు. కాని ఆ నీరు ఎండిన నేలపై పడినదా, తడిసిన నేలపై పడినదా అను సంగతిని మిల్లీమీటరు చెప్పదు, పదును చెప్పును. చెరువు నిండుటను గూడ "మరవ పోయినది" అను ఒక్క మాటతో తెలుపుదురు. 2021 నవంబరు వరదలలో తిరుపతి సమీపమున రామచంద్రాపురము మండలములోని రాయలచెరువు కట్టనుండి నీరు కారుట చూచి దిగువ పల్లెలను ఖాళీ చేయించిరి. అట్టి రాత్రి ఎన్ని ఘనపుటడుగుల నీరున్నదను లెక్క ఇంజనీర్లకు కావలెను. నీరు కట్ట అంచుకు ఎన్ని మూరల దిగువనున్నదను లెక్క పల్లెవాసికి కావలెను. రెండును నిజములే, రెండును ప్రాణములను కాపాడునవే.

ఈ వింతలు తెలుగు పత్రికలకే పరిమితమైనవి కావు. ఆంగ్ల పత్రికలలో అడవి తగలబడినచో ఫుట్‌బాల్ మైదానములతోను, పెద్ద భూభాగమును వేల్సు దేశముతోను కొలుచుట వాడుక. వేల్సు ఎంతయనిన, 2022లో విభజింపబడక పూర్వపు చిత్తూరు జిల్లాకు సుమారు ఒకటిన్నర రెట్లకు లోపు. ఇక ఫుట్‌బాల్ మైదానమునకు ఆట నియమములే 90 నుండి 120 మీటర్ల వరకు పొడవును అనుమతించుచున్నవి. మల్లెపూల మూరవలె అదియు సాగును, ముడుచుకొనును.

1958 అక్టోబరులో, మన దేశమున మెట్రిక్ కొలతలు అమలులోనికి రాసాగిన నెలలోనే, అమెరికాలో విద్యార్థులు హార్వర్డు వంతెనను ఆలివర్ స్మూట్ అను తోటి విద్యార్థిని పడుకోబెట్టి కొలిచిరి. అతని ఎత్తు 5 అడుగుల 7 అంగుళములు. వంతెన 364.4 స్మూట్లు, మీద ఒక చెవియని తేల్చిరి. ఆ గుర్తులకు నేటికిని రంగు వేయుచున్నారు. ఆ స్మూట్ తరువాతి కాలమున అంతర్జాతీయ ప్రమాణముల సంస్థకు అధ్యక్షుడగుట విధి పరిహాసములలో ఒకటి. ఎవరి చేతి మూరయను మన ప్రశ్నకు అచ్చట సమాధానము ఉండెను: అది స్మూట్ గారి ఒడలు!

ఇంతవరకు చెప్పిన వింత కొలతలలో ఎవరికిని నష్టము లేదు. నష్టము కలుగు చోటు వేరొకటి. దొంగతనపు వార్తలలో "పది తులముల బంగారము" అని తరచుగా వచ్చును. పాత తులము 11.66 గ్రాములు; నేటి నగల వాడుకలో తులమనిన 10 గ్రాములు. పది తులముల వద్ద ఈ తేడా 16 గ్రాములకు మించును. చిత్తూరు ప్రాంతమున చెప్పు 8 గ్రాముల సవరముతో లెక్కించినచో రెండు సవరములు! తాతనాడు పది తులములని వ్రాసియిచ్చిన నగను మనుమడు పది తులములనే అమ్మినచో, ఆ రెండు సవరములు మాటలోనే కరగిపోవును. కూతవేటు తన అస్పష్టతను దాచుకొనదు. తులము మాత్రము ఖచ్చితమైన కొలతవలె ముఖము పెట్టి మారిపోవును. నవ్వించు కొలతకన్న నమ్మించు కొలతయే ప్రమాదకరము.

కావున చరిత్ర నేర్పు పాఠము ఇట్లున్నది. డబ్బు చేతులు మారు చోట, మందు కొలుచు చోట, భూమి పంచుకొను చోట గ్రామును, లీటరును, మీటరును తప్ప మరొకదానిని ఒప్పుకొనరాదు. ఆ ప్రమాణములు మన పూర్వులకు లేక వారు ఎంతో నష్టపడిరి. గంభీరమైన అంకె వార్తలో కనబడినప్పుడు దానిని మన ఎకరములలోనికి, మన బిందెలలోనికి, మన నడకలోనికి మార్చుకొని చూడవలెను; అట్లు మార్చుకొనలేని అంకె చదివినట్లే గాని తెలిసినట్లు కాదు. తాటిచెట్టంత అల, కూతవేటు దూరము, ఇసుక రాలని జనము కనబడినప్పుడు మాత్రము నవ్వుకొనుటకు అభ్యంతరము లేదు. నవ్విన తరువాత "అంటే ఎంత?" అని అడుగుట మరువకున్న చాలును. గ్రంథాలయమున చదివిన వార్త గడప దాటి ఇంటికి చేరునది ఆ ప్రశ్నతోనే.